ఎమ్మిగనూరుకి పోయిన ఇంజన్

ఆగస్టు 6, మంగళవారం

పెద్దమనిషి ఫోన్ చేశాడు.

"మారుతీ, ఇంజన్ అయిపోయింది. టెంపోలో ఏసుకోని తెస్తాండా."

ఏ ఇంజన్ అని అడిగాను. తెలియక కాదు, ఆయన నోటితోనే చెప్పించాలని.

"ఏ ఇంజన్ ఏందిరా, మన కాంటెస్సాది."

మన! పద్నాలుగేళ్ల కింద ఇదే షెడ్డులో కాంటెస్సా బానెట్ తీసి, ఇంజన్ పైకి లాగి, "క్రాంకు అరిగింది, ఎమ్మిగనూరులో బాగా చేస్తారు, పది దినాల్లో వస్తా" అని టెంపో ఎక్కిన మనిషి. కన్న తండ్రి. ఇక్కడే ఆదోనిలో ఆయన స్నేహితుడు ఖాసిం సాబ్ లేత్ మెషీన్ పెట్టుకుని కూర్చుని ఉండగా ఎమ్మిగనూరు ఎందుకని ఆ రోజు ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. అక్కడ చౌడమ్మ అనే మనిషి ఉందని వీధిలో కుక్కలకు కూడా తెలిశాక మాకు తెలిసింది. ఇంజన్ రాలేదు, ఆయనా రాలేదు. బండి మాత్రం నాలుగు ఇటుకల మీద మాకు మిగిలింది.

అమ్మకు చెప్పాను. జొన్నలు చెరుగుతోంది. చేట ఆగింది. తిడుతుందేమో, ఏడుస్తుందేమో అని నిలబడి చూశాను.

"కారులో కోళ్లుండాయి. తోలెయ్యి," అంది. మళ్లీ చెరగడం మొదలుపెట్టింది.

భీమక్క అని ఎవరు పేరు పెట్టారో గాని ఆమెలో భీముడు ఎక్కడా లేడు. ఎవరు వచ్చి ఎక్కడ కూర్చుంటానన్నా జరిగి చోటిచ్చే మనిషి.

ఆగస్టు 7

కోళ్లను తోలలేదు.

ఆగస్టు 9

తోలాను. షెడ్డు కంపు కొడుతోందని తోలాను, ఒకరు చెప్పినందుకు కాదు.

వెనక సీటు మీద అరచేతి మందాన పెంట. స్టీరింగ్ కింద వైర్లు కొరికి ఎలుకలు గూడు కట్టాయి. ఒకప్పుడు పత్తి మిల్లు సేటు ఎక్కి తిరిగిన బండి ఇది. మిల్లు మూసేసిన రోజున సేటు తన డ్రైవరుకు దీన్ని ఇచ్చేసి పోయాడు. ఆ డ్రైవరే మా పెద్దమనిషి. బండితో పాటు సేటుతనం కూడా ఇచ్చాడనుకున్నాడు పాపం. ఇస్త్రీ చొక్కా లేకుండా ఆ తర్వాత స్టీరింగ్ పట్టలేదు.

ఖాసిం సాబ్ కొడుకు అర్షద్ వచ్చి ఫోన్‌లో వీడియో చూపించాడు. "అన్నా, దీన్ని ఇండియా మజిల్ కార్ అంటాండారు, తెల్సా? బెంగుళూరోళ్లు యగబడి వెతుకుతాండారు."

కండల బండి! కండలన్నీ కోళ్లు పొడుచుకు తిన్నాయి. దీని రంగు ముదురు ఎరుపని బానెట్ లోపలి వైపు చూస్తే గాని తెలియదు. అర్షద్‌కు స్పేర్ పార్టుల అంగడి ఉంది. పార్టు పేరు కూడా ఫోన్‌లో చూసుకుని చెబుతాడు. వాళ్ల నాయన చెవితో విని ఇంజన్ జబ్బు చెప్పే మనిషి. ఆ కడుపున ఈ ఫోను పుట్టింది.

స్వప్న బకెట్‌తో నీళ్లు తెచ్చి పెట్టి, "మామ ఎన్నాళ్లుంటాడు?" అని అడిగింది. మా పెళ్లికి రాని మామ, ఇంతవరకు ఈమె ముఖం చూడని మామ.

"ఇంజన్ దించి పోతాడు," అన్నాను.

"అట్లంటే ఎన్నాళ్లు?"

భార్యలకు తిన్నగా ఒక జవాబు ఇచ్చినా చాలదు.

ఆగస్టు 13

వచ్చాడు.

టెంపోలో పత్తి గోనె సంచులు పరిచి, వాటి మీద ఇంజన్ పెట్టి, పైన టార్పాలిన్ కప్పి తాళ్లు కట్టాడు. తాళ్లు బాగానే కట్టాడు. ఇంజన్ పక్కన ఒక సూట్‌కేసు. ఇంజన్ దించడానికి సూట్‌కేసు ఎందుకో.

మనిషి ఎండిపోయాడు. జుట్టుకు మాత్రం నల్ల రంగు. ఇంజన్‌కు వెండి రంగు. ఇద్దరూ పెళ్లిచూపులకు వచ్చినట్టు ఉన్నారు.

"బాగుండావా?"

"ఉన్నాను."

"మీయమ్మ?"

"ఉంది."

అయిపోయింది. పద్నాలుగేళ్లకు సరిపడా మాట్లాడుకున్నాం.

ఖాసిం సాబ్ వచ్చి వాటేసుకున్నాడు. ఈయన వదిలిపోయిన నాకు పని నేర్పి, పెళ్లి కుదిర్చి, "మీ నాయన చేసింది మనిషి చేసే పని కాదు బేటా" అన్న ఖాసిం సాబ్. ఇప్పుడు "మాదన్నా, ముసలోనివైపోతివి కదప్పా!" అని కళ్లు తుడుచుకుంటున్నాడు. ఆదోనిలో పౌరుషం ఉన్నవాడిని నేనొక్కడినే మిగిలానని అర్థమైంది.

అమ్మ బయటికి రాలేదు. కానీ బొరుగులు నానేసి ఉగ్గాని చేసి, మిరపకాయ బజ్జీలు వేసి, స్వప్న చేతికిచ్చి షెడ్డులోకి పంపింది. ఉగ్గాని! పోయిన నెల నేను జ్వరం నుంచి లేచి అడిగితే "బొరుగుల్లేవు" అంది. ఇప్పుడు బొరుగులు ఎక్కడ మొలిచాయో.

పెద్దమనిషి తిని, ప్లేటు పట్టుకుని అటూ ఇటూ చూశాడు. "చెయ్యి యాడ కడుక్కోవల్ల?"

నీళ్ల తొట్టి చూపించాను. అది ఆయన కట్టించిన తొట్టే.

షెడ్డులో పడుకుంటానన్నాడు. పడుకోనీ. ఇంట్లోకి రమ్మని నేను అనను. అమ్మ అంటుంది, నాకు తెలుసు. ఇవాళ కాకపోతే రేపు అంటుంది. ఆ రోజు నేను చెప్పాల్సిన మాటలు సిద్ధంగా ఉన్నాయి.

ఆగస్టు 14

"విప్పి చూడకుండా దీన్ని బండిలో దించను," అన్నాను.

"నేను చేసిన పని మింద నమ్మకం ల్యా?"

"పని మీద కాదు."

ఖాసిం సాబ్ దగ్గాడు. దగ్గు రాకుండానే దగ్గాడు.

స్టాండుకు ఎక్కించి, తలకిందులుగా తిప్పి, అడుగున ఆయిల్ నిలిచే సంప్ విప్పాను. పెద్దమనిషి స్టూలు మీద కూర్చుని బీడీ ముట్టించాడు. షెడ్డులో బీడీ వద్దన్నాను. బయటికి పోయి గుమ్మం దగ్గర నిలబడి అక్కడి నుంచే చూశాడు.

సిలిండర్ గోడల మీద సన్నటి గీతలు, ఏ వాలున ఉండాలో ఆ వాలునే ఉన్నాయి. క్రాంకు తిప్పితే నేతిలో తిరిగినట్టు తిరిగింది. ఒక్క బోల్టు తల కూడా అరగలేదు. ఒక్క గాస్కెట్ అంచు కూడా బయటికి రాలేదు. సాయంత్రం దాకా వెతికాను.

ఒళ్లు మండిపోయింది. పనికిమాలినవాడికి పని ఇంత బాగా రాకూడదు. అది అన్యాయం.

ఆగస్టు 16

దొరికింది!

మూడో సిలిండర్‌లో. పిస్టన్‌ను క్రాంకుకు కలిపే రాడ్డు అడుగున క్యాపు ఉంటుంది, దానికి రెండు నట్లు. ఒకటి బిగువుగా ఉంది. రెండోదాన్ని వేళ్లతో పట్టుకుంటే తిరిగింది. వేళ్లతో! మొన్న చూడలేదు, మొన్న నా కోపమే నాకు అడ్డం పడింది. అట్లాగే దించి రోడ్డెక్కి ఉంటే ఆ రాడ్డు ఊడి ఇంజన్ గోడ పగలగొట్టుకుని బయటికి వచ్చేది. పని నేర్చుకునే పిల్లవాడు చేసినా చెంప పగలగొట్టే తప్పు.

ఎంత హాయిగా ఉందో.

ఆయన ఖాసిం సాబ్‌తో టీకి పోయాడు. రానీ. ఖాసిం సాబ్ ముందరే చెబుతాను. అర్షద్‌ను కూడా పిలుస్తాను. "ఎమ్మిగనూరులో బాగా చేస్తారు కదా, ఇదిగో" అంటాను.

ఈలోగా నట్టును టార్క్ రెంచ్‌తో లెక్క ప్రకారం బిగించాను. మిగతా ఏడూ మళ్లీ చూశాను. ఇంజన్ ఏం పాపం చేసింది.

ఆగస్టు 17

చెప్పలేదు. ఖాసిం సాబ్ రాలేదు.

ఆగస్టు 18

ఖాసిం సాబ్ వచ్చాడు. అర్షద్ రాలేదు.

ఆగస్టు 21

ఇద్దరూ వచ్చారు. పనిలో పడి మర్చిపోయాను.

ఇంజన్ కూర్చునే రబ్బరు మౌంటులు పగిలిపోయాయి. ఈ బండికి ఇప్పుడు కొత్తవి దొరకవు. అర్షద్ ఫోన్‌లో గంటసేపు వేలు ఆడించి "ఢిల్లీలో ఉండాయంట అన్నా" అన్నాడు. పెద్దమనిషి ఇంకేదో బండి మౌంటు తీసుకుని, ఖాసిం సాబ్ లేత్ మీద దాని ఇనుప పట్టీకి కొత్త చిల్లులు కొట్టించి తెచ్చాడు. సరిపోయింది. సరిపోతుందని నాకూ తెలుసు, నేను చెప్పేలోపే పోయాడు.

మధ్యాహ్నం క్లచ్ ప్లేటు. దాన్ని నట్టనడుమ కూర్చోబెట్టకపోతే గేర్‌బాక్స్ షాఫ్టు లోపలికి దూరదు. నేను పాత షాఫ్టు ముక్క దూర్చి పట్టుకుంటే ఆయన బోల్టులు బిగించాడు, ఒకటి ఈ పక్క, ఒకటి ఎదురు పక్క. చేతులు వణుకుతున్నాయి. పానా బోల్టు తలకు తగలగానే మాత్రం వణుకు ఆగిపోతోంది.

"ఇంగొంచెం పైకెత్తు. అదీ. ఉండనీ."

నాకు చెప్పడానికి ఈయనెవరు అనుకున్నాను. కానీ అప్పటికే ఎత్తాను.

ఆగస్టు 23

మార్కెట్ యార్డు దారిలో మడత మంచం కొన్నాను. షెడ్డుకు.

స్వప్న చూసింది. "మామకా?"

"షెడ్డుకు."

"షెడ్డు పండుకుంటాదా?"

నేలమీద తేలు కనబడిందని చెప్పాను. తేలు నిజంగా కనబడింది. పోయిన ఏడు.

ఆగస్టు 26

అమ్మ పంపే తిండి ఆగలేదు. జొన్న రొట్టె, గోంగూర, ఒకరోజు కోడి కూడా. కారులోంచి తోలిన కోళ్లలో ఒకటి. ఆయన మాత్రం రోజూ తిని ఇంటి గుమ్మం వైపు చూస్తాడు. గుమ్మం ఖాళీగా ఉంటుంది. ఈమె గుమ్మంలోకి రాదు, ఆయన గుమ్మం దాకా పోడు. మధ్యలో ప్లేట్లు మోయడానికి నా భార్య. సిగ్గున్న ఇల్లయితే ఇట్లా జరగదు.

గాజుల హులిగమ్మ వచ్చి అమ్మ దగ్గర చాలాసేపు కూర్చుంది. ఎమ్మిగనూరు, నందవరం, ఆదోని తిరిగి గాజులతో పాటు మూడు ఊళ్ల మాటలు అమ్ముకునే మనిషి. నేను మంచినీళ్లకు పోతే ఇద్దరూ మాట ఆపేశారు. గాజులు మాత్రం కొనలేదు.

ఆగస్టు 27

అమ్మ నన్ను పిలిచి, "ఎమ్మిగనూరులో ఇంటికి తాళం ఏసి వచ్చినాడా అడుగు," అంది.

అడిగాను. "తాళం ఎందుకు? మనుసులుంటే," అని పెద్దమనిషి స్పానర్ల కోసం వంగాడు. అదే అమ్మకు చెప్పాను. తల ఊపింది.

ఎమ్మిగనూరులో ఆయన సామాను దొంగలు ఎత్తుకుపోతారని ఈమెకు బెంగ. ఇంకేం మిగిలింది, హారతి పట్టడం తప్ప.

ఆగస్టు 29, గురువారం

ఇంజన్ దించాం.

బండి ముందరి భాగమంతా కడిగి, తుప్పు గీకి, నల్ల రంగు వేశాను. ఎలుకల వైర్లు తీసేసి కొత్తవి లాగాను. చైన్ పుల్లీ గొలుసు నా చేతిలో. పెద్దమనిషి బండి కింద పడుకున్నాడు, గేర్‌బాక్స్ దగ్గర. ఖాసిం సాబ్ ఇంజన్ గోడకు తగలకుండా చేత్తో పట్టుకున్నాడు. కింద నుంచి ఆయన చెయ్యి మాత్రం బయటికి వచ్చి రెండు వేళ్లు ఆడించేది. దించు అని. అరచెయ్యి తెరిచేది. ఆగు అని. నేను నా దగ్గర పని చేసేవాళ్లకు చూపించే సైగలు అవే. ఇన్నాళ్లు అవి నావనుకున్నాను.

ఒకచోట పట్టేసింది. షాఫ్టు దూరడం లేదు. నేను గొలుసు వదిలి వెళ్లి క్రాంకు పుల్లీని కొంచెం తిప్పాను. అదే క్షణంలో కింద నుంచి "క్రాంకు తిప్పు" అన్నాడు. టక్కుమని లోపలికి పోయింది.

"అల్లా! తండ్రీ కొడుకులకు నోరు అక్కర్లేదప్పా," అన్నాడు ఖాసిం సాబ్.

ఆయన మాట నాకు నచ్చలేదు.

నట్టు సంగతి ఇవాళ చెప్పి ఉండాల్సింది. ఇద్దరూ ఉన్నారు.

సెప్టెంబర్ 1, ఆదివారం

రాయాల్సింది చాలా ఉంది. వరసగా రాస్తాను. నిన్ననే బ్రేకులు సరిచేసి, కొత్త టైర్లు వేసి, బండిని ఇటుకల మీద నుంచి దించాం.

పొద్దున ప్లగ్గులు తీసి, సెల్ఫ్ కొట్టి, ఆయిల్ అన్ని దారుల్లోకి పోయిందాకా ఇంజన్‌ను ఉత్తినే తిప్పాం. ఆయిల్ లైటు ఆరిపోయింది. ప్లగ్గులు పెట్టాం. ప్లగ్గులకు వరసగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ నేనే పెట్టాను, ఆయన్ను ముట్టనివ్వలేదు. వీధిలో వాళ్లంతా చేరారు. ఖాసిం సాబ్ కుర్చీ వేసుకున్నాడు. అర్షద్ ఫోన్ పైకి పట్టుకున్నాడు.

తాళం తిప్పాను. కార్బురేటర్ లోంచి ఢామ్మని పేలింది. అందరూ వెనక్కి దూకారు. మళ్లీ తిప్పాను. మళ్లీ ఢామ్.

పెద్దమనిషి నా పక్కకు వచ్చి, వంగి, "డిస్ట్రిబ్యూటర్ ఎదురు కూకుంది. తీసి సగం సుట్టు తిప్పి పెట్టు," అన్నాడు. ఖాసిం సాబ్‌కు వినపడకుండా, నా చెవి దగ్గర. దయ! నాకు ఆయన దయ అక్కర్లేదు. నేర్చుకునే పిల్లలు చేసే తప్పు నేను చేశాను, అందరిలో గట్టిగా అని ఉంటే సరిపోయేది.

తిప్పి పెట్టాను. తాళం తిప్పాను. అంటుకుంది.

ఆ శబ్దం గురించి రాయను. పద్నాలుగేళ్లు ఇటుకల మీద ఉన్న బండి వణికింది. ఖాసిం సాబ్ లేచి నిలబడ్డాడు. పెద్దమనిషి బానెట్ మీద చెయ్యి వేసి ఇంటి గుమ్మం వైపు చూశాడు. నేనూ చూశాను. ఇవాళ రమ్మంటుందని నాకు తెలుసు. ఏం చెప్పాలో కూడా తెలుసు. ఒకటే ఇబ్బంది, మొదటి మాట ఏదో ఆ క్షణంలో గుర్తుకు రాలేదు.

అమ్మ బయటికి వచ్చింది. ఉతికిన చీర. కాళ్లకు చెప్పులు. వెనకే వచ్చిన స్వప్న షెడ్డులోకి పోయి, మూలనున్న ఆయన సూట్‌కేసు తెచ్చి, "డిక్కీ తెరువండి," అంది.

"యాడికి పోదాం భీమా?" అన్నాడు పెద్దమనిషి. ముఖం నిండా నవ్వు.

"ఎమ్మిగనూరికి," అంది అమ్మ.

"ఆడికెందుకు?"

"చౌడమ్మకు ఎడం చెయ్యి, ఎడం కాలు పడిపోయినాయంట. మంచంలో ఉండాదంట. పక్కింటోళ్లు నోట్లో ముద్ద పెడతాండారంట. హులిగమ్మ సెప్పె. నిజమేనా, అబద్ధమా?"

ఇంజన్ ఆడుతూనే ఉంది. నేను తాళం వెనక్కి తిప్పి ఆపాను.

ఆయన నేల చూశాడు. "దానికి బాగల్యా. నేనేం సేద్దును? ఇంజనైతే ఇప్పి సూస్తా. మనిసిని ఏం సేద్దును?"

"ఇప్పమని ఎవురూ అన్ల్యా. కాడ ఉండల్ల. అంతే."

"నీకాడికి వచ్చినా కదనే..."

"నువ్వు నాకాడికి రాలేదప్పా. ఆమెకాడ నుంచి పోతాండావు. ఆ పొద్దు గూడా అంతే. ఆమెకాడికి పోలేదు, నాకాడ నుంచి పోయినావు."

అమ్మ గొంతు పెంచలేదు. ఆయన ఇంజన్ తీసుకుని పోయిన ఏడు అమ్మకు కడుపు ఆపరేషన్ అయ్యింది. కర్నూలు పెద్దాసుపత్రి నుంచి తెచ్చి మంచం మీద వేశాం. ఆ నెలలోనే క్రాంకు అరిగింది. ఈ రెండూ ఒకే నెల అన్న సంగతి నాకు ఎన్నడూ తట్టలేదు. చౌడమ్మను తిట్టుకోవడంలోనే నా లెక్క ఆగిపోయింది.

"బండెక్కు," అంది అమ్మ. తాను ముందు సీటులో కూర్చుంది.

ఖాసిం సాబ్ వైపు చూశాడు పెద్దమనిషి. ఖాసిం సాబ్ దగ్గలేదు. వెనక తలుపు తెరిచి పట్టుకున్నాడు.

నేను సిద్ధం చేసుకున్న మాటలన్నీ నాలోనే ఉన్నాయి. అమ్మ పిడికెడు మాటలతో పని ముగించి, చీర కుచ్చిళ్లు సర్దుకుని, తలుపు వేసుకుంది. ఇన్నాళ్లు వెన్ను లేదనుకున్నది ఈమెకేనా? మరి మంచం కొన్నది ఎవరు?

బండి తోలాను. ఊరు దాటాక కొండరాళ్లు, తర్వాత రెండు పక్కలా పత్తి చేలు. వెనక నుంచి ఒక్కసారి, "మెల్లగ పో. పిస్టన్ రింగులింకా కూకోలేదు," అన్నాడు.

"ఎనక కూకోని సెప్పద్దు," అంది అమ్మ.

ఎమ్మిగనూరులో మగ్గాల వీధి. సందులో బండి పట్టదు, మొదట్లోనే ఆపాను. ఒకటే గది ఇల్లు. లోపల గుంట మగ్గం, దాని మీద సగం నేసిన బట్ట దుమ్ము పట్టి ఉంది. పక్కన నులక మంచం మీద ఒక ముసలామె. నేను ఇన్నేళ్లు మనసులో పెట్టుకుని తిట్టిన మనిషి ఇంకెవరో. ఆమె పొడుగ్గా, తళుకుగా ఉండేది. ఈమె ఆ మంచంలో సగం కూడా లేదు.

"ఎవురు?" అంది. మాట ఒక పక్కకు జారుతోంది.

"భీమక్కను. నీ మనిసిని తెచ్చినా."

చౌడమ్మ ముఖంలో కదిలే సగం నవ్వింది. "ఉంచుకోకపోతివా అక్కా."

"నాకాడ తావు ల్యా."

"ఈడ మాత్రం ఏముండాది."

"ఈడ పనుండాది," అంది అమ్మ.

ఇద్దరూ నవ్వారు. ఆయన గుమ్మంలో సూట్‌కేసు పట్టుకుని నిలబడ్డాడు. నన్ను ఎవరూ పట్టించుకోలేదు.

"ఇంజన్ అడుగున ఏందో బిగిస్తాండె అక్కా, ఆ పొద్దు," అంది చౌడమ్మ. "నేను మగ్గం కాడ పడితి. పిల్చేకి నోరు రాల్యా. సప్పుడు ఇన్న్యాడు. పానా ఆడే పారేసి ఉరికొచ్చినాడు. ఎత్తుకోని ఆటో దాకా మోసినాడు. అబద్ధం సెప్పకూడదు. ఆ దినం మోసినాడు. దాని ఎనకనే బయపడిపాయ."

ఆ నట్టు. నాకు అప్పుడు తెలిసింది. ఒకటి బిగించి రెండోదాని మీద పానా పెట్టబోతూ ఉరికాడు. ఆ తర్వాత అంతా అయిపోయిందనుకుని సంప్ మూసి రంగు పూశాడు. ఖాసిం సాబ్ ముందర, అర్షద్ ముందర చెప్పాలని దాచిపెట్టుకున్న మాట, ఆ గదిలో నా నోట్లో ఎంత నీచంగా ఉందో. మింగేశాను.

చౌడమ్మ నీళ్లడిగింది. పెద్దమనిషి సూట్‌కేసు దించి, మగ్గం వెనక్కి చెయ్యి పెట్టి, చూడకుండానే గ్లాసు తీసి, కుండలో ముంచి తెచ్చాడు. మా ఇంట్లో చెయ్యి కడుక్కునే చోటు అడిగిన మనిషి. అమ్మ ఆమె వీపు కింద చెయ్యి వేసింది. "నువ్వు ఆ పక్క పట్టుకో. సంకలో చెయ్యి ఎయ్యి. లాగద్దు, ఎత్తు," అని చెప్పింది. ఆయన ఎత్తాడు. చేతులు వణికాయి. ఆమె బరువు చేతుల మీద పడగానే ఆగాయి.

వచ్చేటప్పుడు చౌడమ్మ, "మల్ల వస్తావా అక్కా?" అంది.

"కారుండాది కదా," అంది అమ్మ.

తిరుగు దారిలో అమ్మ కిటికీ అద్దం దించుకుని కూర్చుంది. నేను అడిగాను, తిండి ఎందుకు పంపావు మరి, ఉగ్గాని, కోడి. "ఆకలైనోనికి పెట్టకుండా ఎట్లుంటార్రా," అంది, నాకు ఏమీ తెలియదన్నట్టు. తర్వాత, "కోడి నీకు గూడా పెడితి కదా," అంది.

సెప్టెంబర్ 2

బండి షెడ్డులో ఉంది. మంచం మడిచి గోడకు ఆనించాను.

అర్షద్ వచ్చి, వీడియో చాలామంది చూశారని చెప్పాడు. ఢామ్మని పేలినదే ఎక్కువ చూశారట. పొమ్మన్నాను.

సెప్టెంబర్ 4

పెద్దమనిషి ఫోన్ చేశాడు.

"బండి ఎట్లుండాది?"

"బానే ఉంది."

"ఐదొందల కిలోమీటర్లు తిరిగినాక ఆయిల్ మార్చల్ల. హెడ్డు బోల్టులు మల్లొకసారి బిగించల్ల. మర్సిపోతావు."

"నాకు తెలుసు."

"తెలుసులే."

వెనక చౌడమ్మ గొంతు వినిపించింది, ఎవరు అని. "పిల్లోడు," అన్నాడు ఆమెతో. నాకు నలభై. తర్వాత ఏదో కిందపడ్డ చప్పుడు, "ఉండు ఉండు, వస్తాండా," అని ఆయన గొంతు దూరమైంది. ఫోన్ పెట్టేయలేదు. మంచం కిర్రుమనడం, ఆమె ఏదో తిట్టడం, ఆయన "అట్ల కాదు, ఇట్ల ఆనుకో" అనడం విన్నాను. పెట్టేయవచ్చు. పెట్టేయలేదు.

మళ్లీ వచ్చి, "ఉండావా?" అన్నాడు.

ఐదొందల కిలోమీటర్లు తిరగాలంటే బండిని ఎక్కడికో ఒకచోటికి తోలాలి కదా. ఆదివారం ఎమ్మిగనూరు వస్తామని చెప్పాను. అమ్మ పోదామంటోంది, అందుకని, అన్నాను.

అమ్మ ఇంకా అనలేదు. అంటుంది.